పెదవి మొద్దుబారింది, పన్ను మాత్రం కాదు

పన్ను నొప్పి పగలు ఒకలా ఉంటుంది, రాత్రి ఇంకోలా ఉంటుంది. పగలు బడిలో పిల్లల మధ్య ఎడమ దవడ సలుపుతున్నా ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. రాత్రి దిండు మీద తల పెట్టానంటే చాలు, పోటు మొదలు. దవడలో పుట్టి చెవిలోకి, అక్కణ్నుంచి కణతలోకి గుంజేది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే కాస్త నెమ్మదించేది. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఎక్కువగా చేరుతుందని, అసలే వాచి ఉన్న పంటి లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చెవిలో ఏ జబ్బూ లేకుండానే చెవిపోటు ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. కింది దవడ పంటికీ చెవి దగ్గరి భాగానికీ కబురు మోసే నరం ఒకే కుదురుది.

ఇదంతా సంక్రాంతి తర్వాతి మాట. సకినం కొరికినప్పుడు, ఎప్పుడో సిమెంటు పెట్టించుకున్న దవడ పన్నులో ఓ పెచ్చు ఊడిపోయింది. మొదట్లో చల్లనివి తాగితే జివ్వుమని, ఆ వెంటనే పోయేది. తర్వాత చాయ్ తాగితే జివ్వుమనడం మొదలై, గ్లాసు కింద పెట్టాక కూడా చాలాసేపు వదిలేది కాదు. చివరికి చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుంటేనే ప్రాణం లేచొచ్చేది. మంచం పక్కన నీళ్ల సీసా లేకుండా నిద్రపోయే ధైర్యం లేదు. మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, వేసుకున్నా నొప్పిలో తేడా లేదు. అత్తమ్మ లవంగం నూనెలో దూది ముంచి, "పన్ను గుంటలోనే పెట్టు బిడ్డా, చిగురుకు తగలనియ్యకు, కాలి బొబ్బలొస్తయి" అంది. కాసేపు మొద్దుబారేది. ఆ కాసేపట్లోనే నిద్ర పట్టించుకోవాలి.

హనుమకొండలో నేను చూపించుకున్న డాక్టరమ్మ నోరు తెరవమనే ముందు చాలా అడిగింది. వేడికా, చల్లదానికా? జివ్వుమన్నది వెంటనే పోతుందా, నిలుస్తుందా? నిద్ర లేపుతోందా? నమిలితే నొస్తుందా, ఊరికే కూర్చున్నా నొస్తుందా? అన్నీ విని, ఐసు రాసిన దూది తాకించి, పంటిమీద చిన్నగా తట్టి, ఎక్స్‌రే తీసి చూసింది. పంటి లోపలి మెత్తటి కండ, నరం వాచిపోయాయని, అది ఇక తిరిగి మామూలయ్యే స్థితి దాటిందని చెప్పింది. చుట్టూ ఎముకలా గట్టి గోడలు, లోపల వాపు, ఉబ్బడానికి చోటు లేదు. యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో అప్పుడర్థమైంది. ఆ మాత్ర లోపలి ఒత్తిడిని తీయలేదు. చీము పాకి మొహం వాచినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు దాని అవసరం వేరు. ఇలాంటి పంటికి వైద్యం అందుబాటులో ఉంటే నొప్పి కోసం యాంటీబయాటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర ఇప్పటికీ పన్ను నొప్పి అనగానే ముందు చేతిలో పెట్టేది అదే. ఇది చూస్తే నాకు నిజంగా బాధ. పనికిరాని మాత్రతో మనిషి ఇంకో వారం నొప్పి భరిస్తాడు.

పంటి లోపలి వాచిన నరం తీసేసి శుభ్రం చేసే రూట్ కెనాల్ రోజున అన్నం తిని, ఆమె చెప్పినట్టు ముందే ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములది వేసుకుని వెళ్లాను. వాపును ముందే కొంత తగ్గిస్తే మత్తు ఇంజెక్షన్ బాగా పడుతుందట. దవడ వెనక మత్తు ఇచ్చి పావుగంట ఆగింది. కింది పెదవి సగం బరువెక్కి, ఎవరిదో అతికించినట్టయింది. ఇక భయం లేదనుకున్నాను. మిషన్ పంటి లోపలికి దిగగానే కుర్చీలో ఎగిరిపడ్డాను.

ఎడమ చెయ్యి లేపితే ఆపుతానని ముందే చెప్పింది. లేపాను, ఆపింది. "పెదవి మొద్దుబారిందంటే నరం దారి వరకు మందు చేరిందని అర్థమమ్మా. పన్ను కూడా మొద్దుబారిందని కాదు" అంది. బాగా రేగిపోయిన కింది దవడ పళ్లలో ఇది తరచూ జరిగేదే.  వాచిన పంటి నరం మామూలు కంటే ఎక్కువ ఉద్రేకంలో ఉంటుంది. అది రోగి పిరికితనం కాదు. ఈ ఒక్క మాట నాకు ఇంజెక్షనంత పని చేసింది.

పంటి పక్కన చిగురులో ఒకటి, పంటికీ ఎముకకూ నడుమ సన్నటి సందులో ఇంకొకటి ఇచ్చింది. అయినా చివర్లో ఓ చోట చురుక్కుమంటూనే ఉంది. అప్పుడు ముందే హెచ్చరించింది: "ఇప్పుడు నేరుగా నరంలోకి ఇస్తాను. ఒక్క క్షణం గట్టిగా పోటొస్తుంది, ఆ వెంటనే ఏమీ ఉండదు. ఊపిరి వదలండి." అన్నట్టే వచ్చింది, అన్నట్టే పోయింది. ఆ తర్వాత పంటి చుట్టూ రబ్బరు షీటు కట్టి చేసిన పనంతా నాకు చప్పుళ్లు, వాసనలే. పంటి వేర్లలోని కాలువలు గీకే సూదుల్లాంటి సన్నటి ఫైళ్లు తిరిగే శబ్దం, వేరు చివర ఎక్కడుందో కొలిచే యంత్రం బీప్ మనడం, కాలువలు కడిగే మందుది బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటు. లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసి పంపింది.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాక. మత్తు దిగి నొప్పి మొదలయ్యాక మాత్ర వేసుకుందామని చాలామంది ఆగుతారు. మత్తు ఉండగానే, ఏదైనా మెత్తగా తిని, మొదటి మాత్ర వేసుకోమంది. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ కలిపి, ఆరు గంటలకోసారి, గడియారం చూసి వేసుకోవాలి, నొప్పి చూసి కాదు. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిస్తే బలం ఎక్కువ. నొప్పి ముదిరాక దించడం కంటే ముదరనివ్వకపోవడం తేలిక. వేసుకున్న టైము ఫ్రిజ్ మీద కాగితంలో రాసుకున్నాను. లేకపోతే రాత్రి మగతలో రెండోసారి వేసుకునే ప్రమాదముంది. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. రోజు మొత్తంలో అది 4 గ్రాములు దాటకూడదు.

మర్నాడు పాత పోటు లేదు. పడుకుంటే నిద్ర పట్టింది. అయితే పై పన్ను ఆనితే చాలు, పచ్చి పుండు నొక్కినట్టు ఉంది. నరం తీసేశాక ఇదేమిటని భయం వేసింది. పన్ను నరం పోయినా, వేరును ఎముకకు పట్టి ఉంచే పొర బతికే ఉంటుంది, దెబ్బ తిన్నది అదే. మొదటి ఒకటి రెండు రోజులు ఈ నొప్పి ఎక్కువగా ఉండి, వారంలోపు దిగిపోవడం మామూలు. నాది దిగడం లేదనిపించి ఫోన్ చేస్తే రమ్మంది. నీలి కాగితం కొరికించి చూస్తే, తాత్కాలిక సిమెంటు వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది, ప్రతి గుటకకూ పైపన్ను అక్కడే తగులుతోంది. అరగదీయగానే ఆ సాయంత్రానికే హాయి. అన్నాళ్లూ పెసరపప్పు పిసికిన అన్నం, చల్లారిన జావ, పాలలో నానేసిన ఇడ్లీ, అన్నీ కుడివైపే. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలింత.

ఆమె గట్టిగా చెప్పి పంపినవి కొన్ని ఉన్నాయి. వాపు దవడ కిందికి, మెడవైపు పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా మాత్రలు మింగుతూ ఇంట్లో కూర్చోవద్దు. ఊపిరి ఇబ్బందయితే నేరుగా పెద్దాసుపత్రికే.

రెండో విడతలో కాలువలు నింపేటప్పుడు నొప్పి లేదు. తర్వాత క్యాప్ వేశారు. దవడ పన్ను లోపలంతా తొలిచాక నమిలే బరువుకి చీలిపోవచ్చు కాబట్టి అది తప్పదు.

నా సంగతి చూశాక అత్తమ్మ మెల్లగా చెప్పింది, తనకూ కుడివైపు చాలా కాలంగా సలుపుతోందని. "పెద్దతనంలో ఓర్సుకోవాలె గదా" అని దాచుకుంది. కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. ఆమెకు గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచన చేసే మాత్ర వాడుతుంది. అందుకని నాకిచ్చిన ఐబుప్రోఫెన్ ఆమెకివ్వలేదు, ఒక్క పారాసిటమాలే రాశారు. రక్తం మాత్ర ఆపొద్దని కూడా చెప్పారు. కుర్చీలో కూర్చోబెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట, "నొస్తే ఏ చెయ్యి లేపాలె?"