క్యాసెట్ షాపాయన వేసిన వరస

"అయితే నువ్వు ఆ రికార్డు ఇంతవరకూ విననేలేదన్నమాట" అన్నాడాయన. కోపంగా అనలేదు, వెక్కిరింపుగానూ అనలేదు. మామూలుగా అనేసి బీరు గ్లాసు అందుకున్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మాది బర్మింగ్‌హామ్ శివార్లలో విమానాల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీ. నేను ఇన్‌స్పెక్షన్‌లో ఉంటాను. మైక్రోమీటరు, గేజిలు, వెంట్రుకవాసి తేడా వచ్చినా రిజెక్టు ట్యాగు. పనిచేస్తున్నవాళ్ళూ రిటైరైపోయినవాళ్ళూ కొందరు నెలకోసారి ఒక పబ్బు మేడ మీద గదిలో చేరతారు. వంతు వచ్చినవాడు తన ప్రాణమైన ఆల్బమ్ ఒకటి తేవాలి, అదెందుకు ప్రాణమో రెండు ముక్కలు చెప్పాలి, తర్వాత సూది పెట్టాలి. ఆ వైపు అయిపోయేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, రికార్డులో ఉన్న పాటల వరస తప్పకూడదు. అరవైలు, డెబ్భైల నాటి రాక్ తప్ప ఇంకేం తెచ్చినా మొహాలు మాడ్చుకుంటారు.

నా వంతుకి బ్లాక్ సబాత్ అనే బ్యాండు ఆల్బమ్ 'పారనాయిడ్' పట్టుకెళ్ళాను. 1970 నాటిది, నలుగురూ ఈ ఊళ్ళోనే ఆస్టన్ కుర్రాళ్ళు. ఇక్కడివాళ్ళకి ఇక్కడి సరుకే తీసుకెళ్తే గొడవుండదనుకున్నాను. మొదటి వైపు చివర 'ఐరన్ మ్యాన్' అయిపోయాక, రికార్డు తిరగేసే సందులో, "ఈ పాట అవగానే నా చెవి డీప్ పర్పుల్ బ్యాండు పాట కోసం చూస్తుంది" అన్నాను. ఎందుకని అడిగారు. మా ఊళ్ళో క్యాసెట్ షాపాయన అలా ఎక్కించాడని చెప్పాను. దానికి ఒక పెద్దాయన అన్న మాటే నేను మొదట్లో చెప్పింది, వరస మారితే విననట్టేనని ఆయన లెక్క. లేతు మీద జీవితమంతా గడిపిన మనిషి, నేను చేరిన కొత్తలో డ్రాయింగులు చదవడంలో నాకు మెళకువలు నేర్పినవాడు. అందుకని ఎదురుచెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

తొంభైల్లో విశాఖపట్నంలో పెరిగినవాళ్ళకి విడమరచక్కర్లేదు. ఖాళీ క్యాసెట్ కొని, పాటల లిస్టు రాసి షాపులో ఇస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. మా పైవాటాలో ఉండే మర్చంట్ నేవీ అన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లే మా వీధి మొత్తానికీ ఆధారం. ఆయన మళ్ళీ ఓడెక్కేలోగా అవి అడిగి తెచ్చి షాపులో ఇచ్చి కాపీ చేయించుకోవాలి. షాపాయనకి ఇంగ్లీషు పాటల మీద ప్రత్యేకంగా ప్రేమేం లేదు, అరవై నిమిషాల క్యాసెట్‌లో ఎన్ని పాటలు పడతాయన్నదే లెక్క. "ఏటి తమ్ముడూ ఈ పాట, పది నిమిషాలుంది! ఈ జాగాలో మన పాటలు రెండు పడతాయి కదా" అనేవాడు. నెమ్మదిగా సాగేవి, మాటల్లేనివి ఆయనే తీసేసేవాడు. మిగిలినచోట తనకి తోచింది వేసేవాడు.

అలా నా క్యాసెట్‌లో 'ఐరన్ మ్యాన్' తర్వాత డీప్ పర్పుల్ 'చైల్డ్ ఇన్ టైమ్' వచ్చేది. ఆర్గన్ మెల్లగా మొదలై, ఇయాన్ గిల్లన్ గొంతు మెట్టు మెట్టుగా ఎక్కి, ఆఖరి కేక అందుకునే చోట టేపు అయిపోయేది. టక్‌మని మీట పైకి లేచేది. ఆ కేక తర్వాత ఏమవుతుందో నాకు ఇంజనీరింగు రెండో ఏడుదాకా తెలీదు. ఇప్పటికీ ఆ పాట పూర్తిగా వింటుంటే ఆ చోట నా బొటనవేలు తనంతట తనే కదులుతుంది, క్యాసెట్ తిరగెయ్యడానికి.

ఇది వినకపోవడమా?

సరే, వరసే ముఖ్యమంటారా. బీటిల్స్ 'రివాల్వర్' సంగతి చూద్దాం. 1966లో ఇంగ్లండులో వచ్చిన రికార్డులో 14 పాటలు. అదే ఏడాది అమెరికాలో అమ్మిన దాంట్లో 11. మిగతా మూడూ అంతకు ముందే వేరే ఆల్బమ్‌లో వాడేసుకున్నారు అక్కడి కంపెనీవాళ్ళు. ఆ మూడూ జాన్ లెనన్‌వే. అంటే ఒక తరం అమెరికన్లు లెనన్ పాటలు మూడు తక్కువైన 'రివాల్వర్' విని పెరిగారు. వాళ్ళు బీటిల్స్‌ని విననేలేదని ఎవరైనా అన్నారా? కార్లలో వాడిన ఎయిట్ ట్రాక్ క్యాసెట్లయితే మరీ అన్యాయం. నాలుగు భాగాలకి సరిపెట్టడానికి పాటలు ముందువెనకలు చేసేవాళ్ళు. ఒక్కోసారి పాట మధ్యలోనే శబ్దం తగ్గించేసి, టక్కున ట్రాకు మారాక మళ్ళీ అందుకునేవాళ్ళు. మా షాపాయన పాటని కోసిన మాట నిజమే, కానీ మళ్ళీ అతికించే సాహసం మాత్రం చెయ్యలేదు.

ఆ మాటకొస్తే 'పారనాయిడ్' వరసే దేవుడు రాసిందేం కాదు. ఆల్బమ్‌కి పాటలు చాలకపోతే ఖాళీ నింపడానికి చివర్లో అరగంట కూడా పట్టకుండా కట్టిన పాట 'పారనాయిడ్'. అది హిట్టయ్యేలా ఉందని కంపెనీవాళ్ళు ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టేశారు. అసలు అనుకున్న పేరు 'వార్ పిగ్స్'. అట్ట మార్చడానికి టైము లేక పాత బొమ్మే ఉంచేశారు. అందుకే ఆ పేరుకీ, అట్ట మీద కత్తీ డాలూ పట్టుకుని చెట్ల మధ్య నుంచి దూకే మనిషికీ సంబంధం కుదరదు. జాగా మిగిలితే ఏదో ఒకటి వేసెయ్యడమే కదా మా షాపాయన చేసిందీ.

ఇవన్నీ నాకు బస్సులో ఇంటికెళ్తుంటే తట్టాయి. పబ్బులో తట్టి ఉంటే బావుండేది.

ఇంకో సంగతి. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు ఈ ఊళ్ళోనే రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే రోజు, ఆఖరి షిఫ్టులో రేకులు నొక్కే ప్రెస్సు కింద కుడిచెయ్యి పడి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఫ్యాక్టరీ మేనేజరు జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడట, ఇతను రెండు వేళ్ళతోనే వాయిస్తాడు చూడు అని. అయోమీ గిన్నెలు కడిగే సబ్బు సీసా ప్లాస్టిక్కు కరిగించి, ఉండ చేసి, వేలికి సరిపోయేలా తొలిచి, పైన తోలుముక్క అంటించి టోపీలు చేసుకున్నాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని పల్చటి తీగలు వేశాడు. మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి, 1971లో, గిటార్ శ్రుతే బాగా దించేశాడు. తీగ వదులైంది, నాదం బరువెక్కింది. హెవీ మెటల్ అని ప్రపంచం నెత్తిన పెట్టుకున్న ఆ బరువులో ఒక ప్రెస్సు షాపు యాక్సిడెంటు వాటా ఉంది.

ఈ కథ నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది, అదీ మా క్యాంటీన్లో. చెప్పింది ఆ పెద్దాయనే. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఇది భద్రతా పాఠంలాగా కూడా చెప్పుకుంటారు, చెయ్యి పడకుండా ఉండే అడ్డు తీసేసి ప్రెస్సు నడపొద్దని. ఇన్‌స్పెక్షన్‌లో ఉన్న నాకు మాత్రం ఆ వేలి టోపీలే కళ్ళకి కడతాయి. మా దగ్గరికి అలాంటి పార్టు వస్తే కొలతల్లేవని, మెటీరియల్ సర్టిఫికెట్ లేదని ఎర్రట్యాగు కట్టి పక్కన పడేస్తాం.

అయితే వాళ్ళ దగ్గర మెచ్చుకోవలసింది లేదా అంటే, ఉంది. నా వంతు రోజు ఆ పెద్దాయన నా రికార్డుని అంచులు పట్టుకుని రెండు అరచేతుల మధ్య ఎత్తి, లైటు కిందకి వంచి, దుమ్ము చూసి, మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా ఒక చుట్టు తుడిచి పళ్ళెం మీద పెట్టాడు. నేను పాత సామాన్ల దుకాణంలో కొన్న రికార్డది, గీతలున్నాయి. చిటపటలాడింది. ఎవరూ ఏమీ అనలేదు. మూడో పాట 'ప్లానెట్ క్యారవాన్' వచ్చింది. మా షాపాయన తీసేసిన పాటల్లో అదొకటి. సబాత్ గాయకుడు ఆజీ ఆస్‌బర్న్ గొంతు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వణుకుతూ, వెనకాల చేతుల్తో వాయించే డ్రమ్ములు. ఆర్గన్‌కి వాడే తిరుగుడు స్పీకర్లోంచి గొంతు పంపించి చేశారట. గదిలో పదిమంది ఉన్నారు, ఒక్క కుర్చీ చప్పుడు లేదు. అది చల్లారాక 'ఐరన్ మ్యాన్' మొదట్లో వచ్చే ఆ డ్రమ్ము గుద్దులు నేరుగా పక్కటెముకల్లో పడ్డాయి. అంత మెత్తగా ఉన్నదాని తర్వాత వస్తేనే అవి అలా పడతాయి. అది ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం వేరు, వినలేదనిపించుకోవడం వేరు.

ఆ మౌనం మాత్రం నాకింకా మింగుడుపడదు. మన దగ్గర కచేరీలో బాగున్నచోట భళా అనకపోతే విద్వాంసుడు వాయించేదెలా, మనం కూచునేదెలా? తొడ మీద తాళం పడకుండా చెయ్యి ఆపుకోవడం నాకు శిక్ష. ఒకసారి వేళ్ళు బల్ల మీద కదిలితే పక్కాయన నా చేతివంక ఒక చూపు చూశాడు. 2025 జులైలో ఆజీ పోయాడు. విల్లా పార్క్ స్టేడియంలో ఆఖరి కచేరీ చేసి మూడు వారాలు కూడా కాలేదు. బ్రాడ్ స్ట్రీట్ మీద అంతిమయాత్ర పెట్టారు, బ్రాస్ బ్యాండు సబాత్ పాటలు వాయిస్తుంటే కారు నెమ్మదిగా సాగింది. బ్లాక్ సబాత్ పేరు పెట్టిన వంతెన దగ్గర పూలు కుప్పలు పడ్డాయి. నేను సగం పూట సెలవు పెట్టి వెళ్ళాను. రోడ్డుకి రెండువైపులా జనం, 'ఆజీ, ఆజీ' అని ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అరిచినట్టు అరుస్తూ, ఏడుస్తూ. మా పబ్బు గది మనుషులు ఇద్దరు అక్కడే ఉన్నారు, గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నారు. మరి మేడ మీద గదిలో నా వేళ్ళకొచ్చిందేమిటి దోషం?

మనవాళ్ళ దగ్గర ఈ గొడవే లేదు, అసలు రానివ్వరు. ఉగాదికి, వనభోజనాలకి చేరినప్పుడు ఫోను స్పీకరుకి తగిలిస్తే చాలు, "బాబోయ్, ఆ గోల తీసెయ్ బావా, ఇళయరాజా పెట్టు" అంటారు. పెడతాను. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎలా నడుస్తుందో వినండర్రా అంటే పులిహోర వడ్డించుకుంటూ తలూపుతారు. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే హెడ్‌ఫోన్స్ కొనిచ్చింది. కాబట్టి ఎంత సణుక్కున్నా నెలకోసారి ఆ పబ్బు మెట్లెక్కక తప్పదు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పేరు ఎత్తగానే నలుగురు ఒక్కసారి ముందుకి వంగే చోటు నాకు ఈ దేశంలో అదొక్కటే. వైజాగ్‌లోనూ ఒక్కటే ఉండేది, ఆ షాపు. ఈమధ్య వెళ్ళినప్పుడు చూస్తే అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

నా వంతు మళ్ళీ వచ్చేసరికి ఏం తీసుకెళ్ళాలో ఖాయం చేసుకున్నాను. డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టులో ఒసాకాలో, టోక్యోలో కచేరీల్లో వాయించింది. రెండు రికార్డులు, నాలుగు వైపులు, మొత్తం పాటలు ఏడే. మొదటి వైపులో 'హైవే స్టార్' తర్వాత 'చైల్డ్ ఇన్ టైమ్', పూర్తిగా, కేకతో సహా. నాలుగో వైపంతా ఒకే పాట, 'స్పేస్ ట్రకిన్', దాదాపు 20 నిమిషాలు. మా షాపాయనకి చూపిస్తే క్యాసెట్ వెనక్కిచ్చేసేవాడు. రెండు రికార్డులైతే టైము చాలదు, ఒక్కటే తెమ్మని ఇప్పటికే కబురొచ్చింది. నాలుగు వైపులూ ఉంటేనే వస్తానని జవాబు పెట్టాను. మరి వరస తప్పకూడదని చెప్పింది వాళ్ళే కదా.