ఇంటి కంటే ముందు వీధిని చూశాం: నా అనుభవం

గత ఏడాది అద్దె ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు మాకు మూడు వారాలే గడువుంది. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో ఇబ్బంది పడే మా అమ్మ. మొదటి వారమంతా నేను ఫోన్‌లో ఫొటోలు చూస్తూనే గడిపేశాను. వంటగది ఎంత, బాల్కనీ ఉందా, బాత్రూములు ఎన్ని, ఇదే ధ్యాస. "ఇంట్లో ఏదైనా నచ్చకపోతే సర్దుకుంటాం, వీధిని ఏం సర్దుతామే?" అని అమ్మ అన్నాకే వెతికే పద్ధతి మార్చాను.

చివరికి మూడు చోట్లు మిగిలాయి. ఆఫీసు దగ్గర మెయిన్ రోడ్డు మీద ఒక ఫ్లాట్, ఊరి చివర కొత్త కాలనీ, నగరం మధ్యలో ఒక పాత పేట.

కొత్త కాలనీలో అద్దె మిగతా రెండింటి కంటే నాలుగో వంతు తక్కువ. ఇల్లు కొత్తది, గాలీ వెలుతురూ బాగున్నాయి. దాదాపు సరే అనేశాను. సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు అక్కడి నుంచి ఆఫీసుకు ఒకసారి వెళ్లి చూడమన్నారు మా ఆయన. ఆదివారం 35 నిమిషాల్లో చేరిన దారికి ఆ రోజు గంటంపావు పట్టింది. పాత పేట నుంచి అదే వేళకు 25 నిమిషాలు. తేడా 50 నిమిషాలు, రానూపోనూ 100. నెలకు 22 పనిదినాలు వేసుకుంటే 36 గంటలు దాటుతుంది. అవన్నీ పాప మెలకువగా ఉండే గంటలే. దారి ఖర్చు కూడా కలిపి చూస్తే, అద్దెలో మిగిలేదాంట్లో సగం పైగా ప్రయాణానికే పోతోంది. ఆ కాలనీని అక్కడితో వదిలేశాం.

మెయిన్ రోడ్డు ఫ్లాట్‌ను ఏజెంట్ మాకు ఆదివారం పొద్దున చూపించాడు. ప్రశాంతంగానే ఉంది. రాత్రి పదకొండున్నరకు ఇంకోసారి వస్తామంటే విసుక్కున్నాడు కానీ తాళం ఇచ్చాడు. కిటికీలన్నీ మూసి పడకగదిలో పది నిమిషాలు కూర్చున్నాం. లారీ వెళ్లిన ప్రతిసారీ కిటికీ అద్దం అదిరింది. ఫోన్‌లోని సౌండ్ మీటర్ 50 డెసిబెల్స్ దాటి చూపించింది. ఫోన్ కొలత అంత కచ్చితం కాదని తెలుసు. కానీ మంచి నిద్రకు పడకగదిలో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి శబ్దం సుమారు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. ఆ లెక్కన ఇది ఎన్ని రెట్లో ఊహించుకోండి. పాపను అక్కడ పడుకోబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇక పాత పేట. అక్కడ మేం చూసిన మొదటి ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. గోడలకు మోకాలి ఎత్తు వరకే కొత్త రంగు వేశారు. ఒక మూల అడుగున తెల్లటి పొడి రాలుతోంది. గోడలోకి ఎక్కిన నీళ్లు ఆరిపోయినప్పుడు అందులోని లవణాలు అలా బయటికొస్తాయి. ఎదురింటి పెద్దావిడను అడిగితే దాచకుండా చెప్పారు: గట్టి వాన పడితే ఆ వీధి చివర నీళ్లు నిలుస్తాయి, ఎత్తుగా ఉన్న పక్క వీధికి మాత్రం రావు. ఆ ఒక్క మాట మాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆవిడకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

పక్క వీధిలోనే రెండో అంతస్తులో ఇల్లు దొరికింది. లిఫ్ట్ ఉంది. ఒప్పుకునే ముందు అమ్మను బస్టాపు దాకా నడిపించాం. మ్యాప్ ఆరు నిమిషాలంది, అమ్మకు పధ్నాలుగు పట్టింది. మామూలు మనిషి నిమిషానికి దాదాపు 80 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో మ్యాప్ లెక్క వేస్తుంది, అమ్మ మోకాళ్ల సంగతి దానికి తెలియదు కదా! అయినా దారంతా ఫుట్‌పాత్ ఉంది, మధ్యలో కూర్చోవడానికి ఒక అరుగుంది, రోడ్డు దాటేచోట సిగ్నల్ ఉంది. "నేనొక్కదాన్నే వెళ్లగలను" అంది అమ్మ. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూసి, ప్రతి గదిలో ఫోన్ సిగ్నల్ చూసుకుని, అడ్వాన్స్ ఎప్పుడు ఎలా తిరిగిస్తారో ఒప్పందంలో రాయించుకుని సంతకం పెట్టాం.

ఇక్కడ గదులు చిన్నవి. బండి పెట్టుకోవడానికి రోజూ కాస్త వెతుక్కోవాలి. సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటున్నాను. ఆ వేళకు అమ్మ, పాప ఆ అరుగు మీదే కూర్చుని నాకోసం చూస్తుంటారు.