అంబర్‌లో పెంకు పురుగు: పాదం ముక్కలు లెక్కపెట్టండి

శేషాచలం అడవిలో తంబ జాలారి మాను బెరడుకు గాటు పడితే కారే గుగ్గిలం తిరుపతి వాళ్లకు కొత్త కాదు. అంబర్ అంటే యుగాల కిందట కారి రాయిలా గట్టిపడిన చెట్టు బంక. గుజరాత్ లిగ్నైట్ గనుల అంబర్ కూడా ఆ కుటుంబపు చెట్ల బంకే. వయసు సుమారు 5 కోట్ల ఏళ్లు. మయన్మార్ కచిన్ అంబర్‌ది దాదాపు 9.9 కోట్లు.

పురుగు చిక్కుకున్న అంబర్ ముక్క కొనేముందు, 200 మిల్లీలీటర్ల నీళ్లలో 45 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కను వేయండి. మునిగితే గాజో, బేకలైట్ అనే ప్లాస్టిక్కో. తేలినా నమ్మకండి, కోపాల్, అంటే ఇంకా పండని బంక కూడా తేలుతుంది. పురుగుకు దూరంగా ఒక చుక్క అసిటోన్ పెట్టండి. జిగటగా మారితే కోపాల్ కావచ్చు.

సానకు తడిపిన 800 నంబరు ఎమరీ పేపరు, తర్వాత 2000. పొడిగా రుద్దితే వేడికి నెర్రెలిస్తుంది. పురుగుకు మిల్లీమీటరు దూరంలోనే ఆగండి. పైన చుక్క గ్లిజరిన్ వేసి కవర్‌స్లిప్ (పలచని గాజు బిళ్ల) మూస్తే గీతలు మాయమై కాళ్లు తేటగా కనిపిస్తాయి.

ఇక అసలు సంగతి, లోపలున్న పెంకు పురుగు చుట్టరికం. ముందు, నడిమి పాదాల్లో అయిదేసి, వెనక పాదాల్లో నాలుగేసి ముక్కలుంటే, మన పిండి డబ్బాలో తిరిగే ఎర్ర పురుగు వంశం వైపు చూడాలి. అన్నిట్లో అయిదేసి ఉంటే ఏమీ తేలదు. అది పెంకు పురుగుల తాతల నాటి లక్షణం. కొత్తగా పుట్టిన లక్షణమే బంధుత్వం చెబుతుంది. నాలుగు కనిపించినా తొందరపడకండి: చివరి ముక్కకు గోళ్లున్నాయా? లేకపోతే పాదం విరిగింది, రెండో వైపు కాలు లెక్కపెట్టండి.