సెలవులో నాలుగు బోల్టులు

మస్కట్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. అక్కడ నేనేం చేస్తానో మా ఇంట్లో ఒక్కరూ కళ్లతో చూడలేదు. టెక్కలి దగ్గర మా ఊళ్లో కొందరు నన్ను ఇంజినీరంటారు. ఇంజిన్ల పని కాబట్టి ఇంజినీరేననుకుని నేనూ ఊరుకున్నాను. వీడియో కాల్ మాత్రం రాత్రి గదికొచ్చి, స్నానం చేసి, చొక్కా మార్చుకున్నాకే చేస్తాను. గోళ్ల సందున ఉన్న మసి ఫోన్‌లో కనపడదు.

ఈసారి నెల రోజుల సెలవులో మూడు రోజులు బావమరిది కారే తినేసింది. 2018లో కొన్న బీఎస్-4 (అప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ బండి. టాక్సీగా తిప్పేది వాడు, వాయిదాలు కట్టింది నేను.

"బావా, బండి లాగట్లేదు. ఆపి ఉంచితే వణికిపోతంది. ఎక్సలేటర్ తొక్కితే ఎనకాల నల్లటి పొగ" అన్నాడు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు కూడా వెలుగుతోంది. పట్నంలో ఒక మెకానిక్ చూసి, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పే తలుపు) పోయింది, కొత్తది వేయాలి, ఇరవై రెండు వేలవుతుందన్నాడట.

వాల్వ్ పేరు వినగానే నాకు మస్కట్‌లో తొలి ఏడాది గుర్తొచ్చింది. వాదీ కబీర్‌లో ఒక షెడ్డు. నరసన్నపేటలో స్కూటర్లు బాగుచేసిన చేతులతో వెళ్లి అక్కడ హెల్పర్‌గా చేరాను. ఒక డీజిల్ వ్యాన్ ఇవే లక్షణాలతో వచ్చింది. నేను పెద్ద తెలిసినవాడిలా ఈజీఆర్ వాల్వ్ మార్పించాను. పొగ తగ్గలేదు. చూస్తే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి గాలి వెళ్లే రబ్బరు గొట్టం కింది వైపు చీలి ఉంది. వాల్వ్ డబ్బు రెండు నెలల పాటు నా జీతంలో కోశారు. మలయాళీ ఫోర్‌మన్ తిట్టలేదు. "నువ్వు భాగాన్ని చూశావు, గాలిని చూడలేదు" అన్నాడు హిందీలో. ఆ రెండు నెలలు ఇంటికి తక్కువ పంపాను. ఓవర్‌టైం లేదని అబద్ధం చెప్పాను.

ఈ వాల్వ్ చేసేది చిన్న పనే. ఇంజిన్ లోపల మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లవుతాయి. ఊపిరితిత్తులకు మంచివి కావు. అందుకని సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత వెనక్కి తిప్పి, లోపలికెళ్లే గాలిలో కలుపుతారు. అప్పటికే మండిన వాయువు కాబట్టి మళ్లీ మండదు, చోటు మాత్రం ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ తగ్గి మంట వేడి తగ్గుతుంది. ఎంత పొగ తిప్పాలో కంప్యూటర్ చెబుతుంది, తలుపు తీసి మూసేది వాల్వ్. డీజిల్ బండిలో ఐడిల్‌లోనూ (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) నెమ్మదిగా నడిపేటప్పుడూ ఆ తలుపు తెరుచుకుంటుంది. ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే మూసుకోవాలి. మూసుకోకపోతే గాలి చాలదు. డీజిల్ సగమే మండి నల్ల పొగ, బండికి నీరసం. కొత్త బీఎస్-6 బండ్లలో ఆ నలుపు బయటికి కనపడదు, ఫిల్టర్ పట్టేస్తుంది. కొన్నాళ్లకు ఆ ఫిల్టరే పూడుకుపోతుంది.

అసలు మసి ఎందుకు పట్టిందో బావమరిది మాటల్లోనే దొరికింది. యాత్రికుల్ని అరసవల్లి తీసుకెళ్తాడు. వాళ్లు దర్శనం చేసుకుని వచ్చేదాకా ఏసీ వేసుకుని ఇంజిన్ ఆపకుండా నిద్రపోతాడు. మస్కట్‌లో క్యాంపు బస్సుల డ్రైవర్లూ అంతే, వాళ్లను అనలేం, ఎండాకాలం అక్కడ నీడలో నిలబడినా కాళ్లు కాలతాయి. ఐడిల్‌లో గంటల కొద్దీ తెరిచి ఉన్న తలుపు మీద పొగలోని మసి, ఇంజిన్ ఆయిల్ ఆవిరి కలిసి తారులా పేరుకుంటాయి.

మొదటి రోజు ఏమీ విప్పలేదు. గాలి ఫిల్టర్ తీసి చూశాను, పర్వాలేదు. టర్బో గొట్టాలన్నీ చేత్తో నలిపి, మెలిపెట్టి చూశాను. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, కూలెంట్, సీసాలో మట్టం చూశాను. వెనక్కి తిప్పే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ కారితే ఆ మట్టం తగ్గుతూ పోతుంది, తెల్ల పొగ వస్తుంది. అదీ లేదు. మస్కట్ నుంచి తెచ్చుకున్న, బండి కంప్యూటర్ చెప్పే లోపాలు చదివే చిన్న స్కానర్ తగిలిస్తే పీ 0402 కోడ్ వచ్చింది. ఈజీఆర్‌లో కావలసిన దానికంటే ఎక్కువ పొగ పోతోందని దానర్థం. బావమరిది నడుపుతుంటే నేను పక్కన కూర్చుని ఫోన్‌లో చూశాను. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ మూసుకోమంటోంది. వాల్వ్ మాత్రం పావు వంతు తెరుచుకునే ఉంది. ఇక విప్పొచ్చు.

మర్నాడు ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, మా పెరట్లో జీడిమామిడి చెట్టు కింద నాలుగు బోల్టులు విప్పాను. తలుపుకీ, అది కూర్చునే అంచుకీ మధ్య గట్టి మసి పెళ్ల ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు, అంచు గీసుకుపోతే తలుపు మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తోనూ వెదురు పుల్లతోనూ గీరాను. మోటారున్న వైపు తడి తగలనివ్వలేదు. తలుపు చేత్తో నొక్కితే స్ప్రింగు దాన్ని టక్కున మూసింది. అంటే వాల్వ్ బతికే ఉంది. లోపలి గాలి దారి బొటనవేలు పట్టనంత సన్నగా పూడుకుపోయింది. అసలు సమయమంతా అక్కడే పోయింది.

"దీనికో రేకు అడ్డం పెట్టి మూసేద్దామా బావా? అందరూ అదే సేత్తన్నారు."

వద్దన్నాను. తెలివైన కంప్యూటర్ ఊరుకోదు, లైటు మళ్లీ వెలుగుతుంది. పైగా ఆ పొగ పీల్చేది టెక్కలి జనమే కదా.

చుట్టుపక్కల పిల్లలు చేరారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది, ఏమీ అడగలేదు. అమ్మ మాత్రం దగ్గరికొచ్చి నా మోచేతుల దాకా ఉన్న నలుపు చూసి, "ఏట్రా ఇది? మస్కట్టులో రోజూ ఇదేనా నీ పని?" అంది.

"ఇదేనమ్మా. అక్కడ చేతులకి గ్లోవ్స్ ఇస్తారు" అన్నాను.

కొత్త గాస్కెట్ (వాల్వ్ కింద సందు మూసే పలుచని పొర) శ్రీకాకుళం నుంచి తెప్పించి మూడో రోజు బిగించాను. పాతది మళ్లీ వేస్తే పొగ కారుతుంది. కోడ్ చెరిపేసి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా హైవే మీద ఒకే వేగంతో పోనిమ్మన్నాను. మొదట్లో కాస్త నల్ల పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. సోంపేట దాటాక బావమరిది ఫోన్ చేసి, లారీని ఓవర్‌టేక్ చేశానని అరిచాడు.

అప్పటికి నేను బావి దగ్గర కూర్చున్నాను. అమ్మ కొబ్బరి పీచు, సబ్బు తెచ్చి నా చేతులు తనే రుద్దింది. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. "ఎన్నాళ్లకి పోద్దిరా ఇది?" అని అడిగింది. సెలవు అయ్యేలోపు పోతుందన్నాను.