క్రియ కోసం వెతకొద్దు

లాటిన్ మొదటి ఏడాదంటే పట్టికలు బట్టీ పట్టడమే. గులాబీ అనే మాటకే రొస, రొసై, రొసై, రొసం, రొసా. నామవాచకాల్లో ఐదు రకాలు, క్రియల్లో నాలుగు, సంబోధనతో కలిపి విభక్తులు ఆరు. దీనికి అడ్డదారి లేదు. పైకి కర్మణిలా కనిపిస్తూ కర్తరి అర్థాన్నిచ్చే క్రియలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.

మొదటి ఏడాదిలో చాలామందికి నేర్పే చిట్కా ఒకటుంది. ముందు క్రియ వెతుకు, తర్వాత కర్త, ఆ తర్వాత కర్మ. టెక్స్ట్‌బుక్ వాక్యాలకు అది బాగానే పనిచేస్తుంది. రోమన్ వక్త సిసెరో దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఆయన వాక్యం ఒక్కోసారి అరపేజీ సాగుతుంది, అసలు క్రియ చివర్లో ఎక్కడో తేలుతుంది. క్రీ.పూ. 63లో ఆయన సెనేట్‌లో కుట్ర పన్నిన కటిలీనా మీద విరుచుకుపడుతుంటే, విన్నవాళ్లెవరూ క్రియ కోసం ముందుకూ వెనక్కూ వెతుక్కోలేదు కదా! మాట వెంట మాట వింటూ అర్థం చేసుకున్నారు.

ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులమని నా నమ్మకం. "వాళ్ల తమ్ముడికి నిన్న లైబ్రరీలో ఆ పుస్తకాన్ని..." అని ఎవరైనా ఆగితే మనకేం టెన్షన్ రాదు. ఎవరికి, ఎక్కడ, దేన్ని అన్నది ప్రత్యయాలు ముందే చెప్పేశాయి. ఇచ్చారో చూపించారో తేలడమే మిగిలింది. లాటిన్‌నీ అలాగే చదవాలి. ఇంగ్లీషు వరుసలోకి మార్చుకుని చదవడం మానేశాకే నాకు చదువు ముందుకు సాగింది.

రోమన్ కవి హొరేస్ రాసిన ఓడ్స్ అనే కవితల మొదటి పుస్తకంలో ఐదో కవిత చూడండి. "క్విస్ ముల్తా గ్రకిలిస్ తే పుఎర్ ఇన్ రొసా". మాటలు వచ్చిన వరుసలోనే పెడితే: ఏ, బోలెడన్ని, సన్నని, నిన్ను, కుర్రాడు, గులాబీల్లో. పిచ్చి వరుసలా ఉంది కదా? ఇప్పుడు మధ్యలో ఉన్న "తే" దగ్గర ఆగండి. నిన్ను, అంటే పిర్రా అనే అమ్మాయిని. ఆమెకు అటు "సన్నని", ఇటు "కుర్రాడు". వాళ్లిద్దరికీ అటు "బోలెడన్ని", ఇటు "గులాబీల్లో". కౌగిలి, దాని చుట్టూ పూలు, అన్నీ మాటల వరుసలోనే ఉన్నాయి. క్రియ తర్వాతి పాదంలో గానీ రాదు. దాన్ని ముందు వెతికి లాక్కొస్తే ఈ అల్లిక మొత్తం ఊడిపోతుంది.

ఇంకో తిరకాసు. టెక్స్ట్‌బుక్‌లో దీర్ఘాల మీద గీతలుంటాయి, అసలు ప్రతుల్లో ఉండవు. మరి "ముల్త" కాదు "ముల్తా" అని ఎలా తెలుస్తుంది? ఛందస్సు చెబుతుంది. ఈ పాదంలో మూడో అక్షరం గురువై తీరాలి. కాబట్టి అది దీర్ఘం, అంటే "రొసా"కున్న విభక్తే దీనికీ ఉంది, ఈ మాట దానితోనే జత. గణవిభజన చేసిన అలవాటున్నవాళ్లకు ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. నేనైతే అప్పట్నుంచీ డిక్షనరీ తెరిచే ముందు పాదాన్ని గురులఘువులతో గట్టిగా చదువుతున్నాను. పక్కవాళ్లు విసుక్కుంటారు, అది వేరే సంగతి.

వచ్చే సెమిస్టర్ రోమన్ చరిత్రకారుడు టాసిటస్. సిసెరో వాక్యాన్ని రెండు వైపులా తూకం వేసి పేరుస్తాడు, ఈయన ఆ తూకాన్ని కావాలనే చెడగొడతాడు. పరీక్షలో ముందు చూడని పేరా ఇచ్చి అనువదించమంటే ఏమవుతుందో మరి.