చలికాలంలో ఇల్లు వాసనేస్తోందా? ముందు తడి ఎక్కడుందో వెతకండి

చలి మొదలవగానే సాయంత్రం ఐదింటికే తలుపులు, కిటికీలు బిగించేస్తాం. దోమలు, చలి లోపలికి రాకపోవడం నిజమే. కానీ స్నానాల ఆవిరి, వంట ఆవిరి, రాత్రంతా మనం వదిలే ఊపిరిలోని తేమ కూడా బయటికి పోవు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట ఆ తేమంతా వాలుతుంది. బయటి గోడ, దానికి ఆనించిన బీరువా వెనక భాగం, మంచం కింద మూల అలాంటివే. బూజు పుట్టేది అక్కడే, వాసన వచ్చేదీ అక్కణ్నుంచే. రూమ్ ఫ్రెషనర్ కొడితే గంటసేపు బాగుంటుంది, ఆ తర్వాత రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటాయి.

పొద్దున్నే కిటికీలు తెరవడం మనకు అలవాటు. ఈ కాలంలో అది సరైన వేళ కాదు, మంచు పడే ఉదయం బయటి గాలిలోనే తేమ ఎక్కువ. పదకొండు నుంచి మూడు మధ్యలో ఎదురెదురు కిటికీలు ఇరవై నిమిషాలు తెరవండి, బీరువా తలుపులు కూడా అప్పుడే బార్లా తెరిచి పెట్టండి. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపితే సగం సమస్య తీరుతుంది.

గోడ మీద నల్ల మచ్చలుంటే తేమ గదిలోదా, గోడలోదా తేల్చుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కను గోడకు పెట్టి, నాలుగంచులా టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కడితే గోడే తడిగా ఉన్నట్టు. వెనక బాత్రూమ్ పైపో, పైకప్పో కారుతుండొచ్చు, పైపైతే అది ప్లంబరు పని. బయటి వైపు చెమ్మ పడితే తేమ గదిలోది, గాలి ఆడించడమే మందు. మచ్చలకైతే లీటరు నీళ్లలో 60 మి.లీ. లిక్విడ్ బ్లీచ్ కలిపి, గ్లవ్స్ వేసుకుని రాసి, పది నిమిషాలాగి తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. ఆరకుండా పైన రంగేస్తే పెచ్చులూడిపోతుంది. బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్, యాసిడ్, వెనిగర్, నిమ్మ ఉప్పు ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాలకే ముప్పు.

ఇక బట్టలు. ఆరినప్పుడు బాగానే ఉండి, ఒంటి చెమటో తడో తగలగానే ముక్క వాసన కొట్టే తువ్వాళ్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటిలో సూక్ష్మజీవులు ఉతికినా పోకుండా మిగిలిపోవడమే కారణం. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా వీటిలో ముఖ్యమైనది. బట్ట ఎంత నెమ్మదిగా ఆరితే అది అంత పెరుగుతుంది. సర్ఫు ఎక్కువ వేయడం, కంఫర్ట్ లాంటివి పోయడం పనిచేయవు. ఆ జిడ్డంతా నూలులో పేరుకుని వాసనను ఇంకా పట్టి ఉంచుతుంది. మరిగే నీళ్లు, కుళాయి నీళ్లు సమంగా కలిపితే సుమారు 60 డిగ్రీలుంటుంది. ఐదు లీటర్లకు రెండు పెద్ద చెంచాల సోడియం పెర్కార్బనేట్ పొడి వేసి, తెల్లవీ రంగు పోనివీ అయిన నూలు బట్టలను అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. బట్టల మరకలకు అమ్మే ఆక్సిజన్ బ్లీచ్ పొడుల్లో ఉండేది ఇదే, ప్యాకెట్ మీద చూసి కొనండి. పట్టు, ఉన్ని బట్టలకు వద్దు. ఆరేసేటప్పుడు బట్టకీ బట్టకీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కాబట్టి దక్షిణం వైపు బాల్కనీకే ఎండ ఎక్కువ. మంచు దిగకముందే లోపలికి తెచ్చేయాలి.

ఇంత చేసినా వాసన పోలేదంటే వాషింగ్ మెషీన్‌ను అనుమానించండి. ఫ్రంట్ లోడ్‌లో తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలు, సర్ఫు పోసే ట్రే, కింద మూలనుండే ఫిల్టరు వరుసగా శుభ్రం చేయాలి. బోరు నీళ్ల ఇళ్లలో ఉప్పు పేరుకుని దాని మీద జిడ్డు అతుక్కుంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 100 గ్రాములు డ్రమ్ములో వేసి, బట్టల్లేకుండా 60 డిగ్రీల మీద ఒకసారి తిప్పితే రెండూ వదులుతాయి. పనయ్యాక తలుపు మూయకండి.

అటక మీంచి దించిన రగ్గులు, బొంతలు కలరా ఉండల వాసన కొడుతుంటే వెంటనే నీళ్లలో ముంచకండి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ నీళ్లలో కరగదు, గాలిలోకి ఎగిరిపోతుంది. రెండు మూడు రోజులు ఎండలో తిరగేస్తూ ఆరవేసి, వాసన తగ్గాక ఉతకండి. పసిపిల్లల పక్కబట్టల్లో ఆ ఉండలు అసలు వేయొద్దు. రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన శిశువులకు వాటి ఆవిరితోనే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

గీజరు నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వస్తే, చన్నీళ్లు కూడా వాసన చూడండి. వేడి నీళ్లకే వాసన ఉంటే తప్పు ట్యాంకుది. నెలల తరబడి వాడకుండా ఉన్న ట్యాంకులో బాక్టీరియా బోరు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ దానికి తోడ్పడుతుంది. ట్యాంకు ఖాళీ చేయించి, మళ్లీ నింపి, థర్మోస్టాట్ పూర్తిగా పెంచి కొన్ని గంటలు ఉంచండి. ఆ నీళ్లను ఒంటి మీద పోసుకోకుండా వదిలేయాలి. అయినా తిరగబెడితే మెకానిక్‌తో కడ్డీ మార్పించండి, అల్యూమినియం-జింక్ రకమైతే ఈ బాధ తక్కువ.

వాడని బాత్రూమ్‌లో డ్రైనేజీ వాసన వస్తోందంటే దాదాపు ఎప్పుడూ నహానీ ట్రాప్‌లో, అంటే నేల జాలీ కింద వాసనను అడ్డుకోవడానికి నీళ్లు నిలిచే గిన్నెలో, ఆ నీళ్లు ఎండిపోవడమే కారణం. రెండు మగ్గులు పోసి, పైన రెండు చెంచాల సన్‌ఫ్లవర్ నూనె వేస్తే త్వరగా ఆవిరవ్వవు. కొబ్బరి నూనె వద్దు, 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది. నెయ్యి, డాల్డా కూడా ఇలాగే వంటగది సింకు పైపులో పేరుకుని కంపు కొడతాయి. గిన్నెలను కాగితంతో తుడిచాకే సింకులో వేయండి. బకెట్ పెట్టి, సింకు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్‌ను విప్పి కడిగితే పోయే వాసన, వంటసోడా-వెనిగర్ నురగతో పోదు. ఆ రెండూ కలిస్తే ఒకదాని గుణాన్ని ఇంకోటి తీసేస్తుంది.

సంక్రాంతికి అరిసెలు, సకినాలు వేయించే రోజు కర్టెన్లు తీసేసి మొదలుపెట్టండి. ఎగిరే నూనె తుంపర గుడ్డకు పట్టి, వారం తర్వాత ముక్కిపోయి కంపు కొడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పొయ్యి ఆపాక కూడా పావుగంట తిరగాలి, దానికి ఎదురుగా ఒక కిటికీ ఓరగా తీయండి, లేకపోతే లాగడానికి గాలే ఉండదు. తర్వాత సాంబ్రాణి వేసుకుంటే వేసుకోండి, కానీ కిటికీ తెరిచి ఉంచి వేయండి. బొగ్గుల కుంపటిని మాత్రం మూసిన పడకగదిలో పెట్టి పడుకోవద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఉండదు.