పేగు కడిగేసి లెక్క అడిగాను

మొదటిసారి మలంలో రక్తం చూసినప్పుడు మొలలనుకున్నాను. నాకు నేనే ధైర్యం చెప్పుకుని నెల రోజులు నెట్టుకొచ్చాను. రోజుకు ఒకటి రెండుసార్లు అయ్యే విరేచనం ఎనిమిదిసార్లకు చేరి, అర్ధరాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వచ్చాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "రాత్రిళ్లు లేవాల్సి వస్తోందా?" ఐబీఎస్ (పేగులో వాపు లేకుండానే పని తీరు తప్పే జబ్బు) అయితే మామూలుగా మనిషిని నిద్రపోనిస్తుందట. నిద్ర లేపే విరేచనాన్ని వాళ్లు తేలిగ్గా తీసుకోరు.

మల పరీక్షలో ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ 1,180 వచ్చింది. గ్రాము మలంలో ఎన్ని మైక్రోగ్రాములున్నాయన్నదే ఆ లెక్క. 50 లోపుంటే ఫర్వాలేదు, 250 దాటితే పేగులో వాపు ఉందన్న అనుమానం బలపడుతుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్లో ఉండే ప్రొటీన్ ఇది. అవి పేగు గోడలోకి దండెత్తి వచ్చాయంటే ఇది మలంలోకి దిగుతుంది.

తర్వాత కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష. పేగు కడిగేయడానికి ముందురోజు తాగే మందు గురించి ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మత్తు తక్కువే ఇచ్చారు కాబట్టి స్క్రీన్ కాసేపు చూడగలిగాను. పురీషనాళం నుంచి పైకి అంతా ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. కెమెరా తగిలిన చోటల్లా రక్తం చిమ్ముతోంది. ఎడమవైపు పైవంపు దగ్గర ఎవరో గీత గీసినట్టు అది ఆగిపోయింది. గీత దాటితే నున్నటి లేత గులాబీ రంగు గోడ, దాని మీద సన్నటి రక్తనాళాల అల్లిక. రెండూ నా పేగే! బయాప్సీ వచ్చాక పేరు ఖాయమైంది: అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు.

ఈ జబ్బుకు మామూలుగా మెసాలమీన్‌తో మొదలుపెడతారట. నాకు మోకాళ్లు, చీలమండలు కూడా నొప్పిగా ఉండేవి కాబట్టి సల్ఫాసలజీన్ రాశారు. తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. తోడుగా ఫోలిక్ యాసిడ్, మధ్యమధ్యలో రక్త పరీక్షలు. తలనొప్పి, వికారం మొదటి రెండు వారాలు బాగానే ఏడిపించాయి. ఒంటేలు నారింజ రంగులో వచ్చేసరికి కొత్త టెన్షన్ పట్టుకుంది. అది ఆ మందు రంగేనని చీటీలో రాసే ఉంది, చదవంది నేనే.

అసలు తప్పు ఈ రోజుల్లోనే చేశాను. రాత్రంతా ఫోన్ పట్టుకుని చదివి, రోగమంతా గట్ బ్యాక్టీరియాలోనే ఉందని తేల్చేసుకుని, పేగులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే మైక్రోబయోమ్ టెస్ట్ కిట్ తెప్పించాను. ఒకటి కాదు, రెండు కలిపి ఉన్న ప్యాక్. గొట్టం మూతకే చిన్న చెంచా అతికించి ఉంది. బఠాణీ గింజంత తీసి, లోపలి ద్రవంలో కరిగేదాకా ఊపమని రాసి ఉంది. బాత్రూంలో నిలబడి గొట్టం ఊపుతుంటే బయటి నుంచి అక్క, "ఏం చేస్తున్నావురా లోపల, మందు కలుపుతున్నావా?" అంది. అప్పటికి కొలనోస్కోపీ అయి సరిగ్గా తొమ్మిది రోజులు.

ఐదు వారాలకు రిపోర్టు వచ్చింది. రంగురంగుల చక్రాలు, నూటికి 31 స్కోరు, వైవిధ్యం తక్కువ, మేలు చేసే బ్యాక్టీరియా తక్కువ, పీచు పెంచండి. రాసింది రాసినట్టు పాటించాను. ఫైబర్ పౌడర్ పూటకో చెంచా మొదలుపెడితే నాలుగో రోజుకే కడుపు డోలులా ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, మళ్లీ రక్తం. రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన మొదటి పేజీ చూసి, తేదీ దగ్గర వేలు పెట్టి ఆగారు.

"పేగంతా కడిగేసిన తొమ్మిది రోజులకు, లోపల ఎవరున్నారని అడిగారన్నమాట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొలనోస్కోపీకి ముందు తాగిన మందు బ్యాక్టీరియాను కూడా చాలావరకు ఊడ్చేస్తుందట, మళ్లీ కుదురుకోవడానికి కొన్ని వారాలు కావాలట. పైగా వాపు రేగి ఉన్న సమయం. రిపోర్టులో ఉన్నవి శాతాలని కూడా చూపించారు. ఒక రకం తగ్గితే, ఏమీ పెరగకపోయినా మిగతావి పెరిగినట్టే కనిపిస్తాయి. నూరు మంది ఉన్న గదిలోంచి యాభై మంది వెళ్లిపోతే, కదలకుండా కూర్చున్న పది మంది పది శాతం నుంచి ఇరవై శాతం అయిపోతారు. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు.

"మీ రిపోర్టు ఎవరున్నారో చెబుతోంది. వాళ్లు ఏం తయారు చేస్తున్నారో చెప్పట్లేదు," అన్నారు. ఆ మాట పట్టుకుని ఈసారి కాస్త పద్ధతిగా చదివాను.

మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం తయారు చేస్తుంది. పెద్దపేగు లోపలి పొర కణాలకు దాదాపు 70 శాతం శక్తి దాని నుంచే వస్తుంది. ఒంట్లో మిగతా కణాలు చాలావరకు గ్లూకోజ్ మీద పడితే ఇవి బ్యాక్టీరియా వండిపెట్టింది తింటాయన్నమాట. అల్సరేటివ్ కొలైటిస్‌లో ఆ కణాలు బ్యూటిరేట్‌ను సరిగ్గా మండించుకోలేకపోతున్నాయని, ఇది శక్తి కరువు జబ్బేమోనని రోడిగర్ అనే పరిశోధకుడు 1980లోనే రాశాడు. బ్యూటిరేట్ చేసేవాటిలో ముఖ్యమైనది ఫీకలీబ్యాక్టీరియం ప్రౌస్నిట్జీ అనే బ్యాక్టీరియా. ఆపరేషన్ అయిన క్రోన్స్ (ఇలాంటిదే ఇంకో పేగు వాపు జబ్బు) రోగుల్లో ఇది తక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2008లో ఒక ఫ్రెంచ్ బృందం చూపించింది. నా రిపోర్టులోనూ దాని పక్కన తక్కువని చూపే ఎర్ర బాణం ఉంది.

అయితే అది తగ్గి జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి అది తగ్గిందా? పరిశోధకులు చెప్పే వివరణ ఒకటి నాకు బాగా నచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కణాలు బ్యూటిరేట్‌ను మండించడానికి ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి, కాబట్టి పేగు లోపలికి ఆక్సిజన్ చేరదు. ప్రౌస్నిట్జీ లాంటి ఆక్సిజన్ గిట్టనివి అక్కడ హాయిగా బతుకుతాయి. వాపుతో ఆ కణాల పని కుంటుపడితే ఆక్సిజన్ లోపలికి జారుతుంది, ఇవి తగ్గుతాయి, ఈ.కొలై కుటుంబం పుంజుకుంటుంది. బ్యూటిరేట్ ఇంకా తగ్గుతుంది. ఎక్కడ మొదలైనా చక్రం తిరుగుతూనే ఉంటుంది. 2019లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో 132 మందిని ఏడాదిపాటు గమనించి, రెండు వారాలకోసారి మలం సేకరించారు. జబ్బు రేగినప్పుడు బ్యాక్టీరియాతోపాటు అవి చేసే రసాయనాలూ మారిపోయాయి. నేనేమో ఒక్క బఠాణీ గింజంతతో నా జాతకం తేల్చుకుందామనుకున్నాను.

పీచు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. పులియబెట్టేవాళ్లు లేనిచోట పిండి పోస్తే ఏమవుతుంది? కొన్ని రకాల పీచు పులియకుండా మిగిలితే వాపు పెరగవచ్చని ల్యాబ్ పరీక్షల్లో కూడా కనిపించింది. "పీచు శత్రువు కాదు. ముందు మంట ఆరనివ్వండి," అని డాక్టర్ పౌడర్ ఆపించారు, మందు డోసు పెంచారు.

ఆ మందు కథ విన్నాక దాని మీద గౌరవం పెరిగింది. సల్ఫాసలజీన్‌ను స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే డాక్టరమ్మ 1940 ప్రాంతంలో కీళ్ల జబ్బు కోసం తయారు చేయించింది, పేగు జబ్బుకూ పనికొచ్చింది. రెండు మందుల్ని ఒక రసాయన బంధంతో ముడేసిన మాత్ర అది. ఆ ముడి చాలావరకు విడిపోకుండానే చిన్నపేగు దాటేస్తుంది. పెద్దపేగుకు చేరాక బ్యాక్టీరియా దాన్ని విప్పుతుంది, అప్పుడు గానీ అసలు మందు బయటపడదు. నేను తిట్టుకుంటున్న బ్యాక్టీరియాయే రోజూ నా మాత్ర విప్పిపెడుతోంది.

నాలుగు నెలలకు కాల్‌ప్రొటెక్టిన్ 210కి దిగింది. ఆరో నెలలో మోకాలి నొప్పికి ఎవర్నీ అడగకుండా పెయిన్ కిల్లర్ నాలుగు రోజులు వేసుకుంటే 460కి ఎక్కి కూర్చుంది. అలాంటి మాత్రల్లో కొన్ని రకాలు పేగును రేపుతాయట. డాక్టర్ గారితో తిట్లు తిన్నాను, తినాల్సినవే. ఏడాదికి 74. పీచు ఇప్పుడు కొద్దికొద్దిగా పెంచుకుంటున్నాను, పడుతోంది.

మొన్న అలమారా సర్దుతుంటే రెండో కిట్ దొరికింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు చేయిస్తే స్కోరు పెరిగి ఉంటుందేమోరా," అంది. వచ్చే నెలలో మళ్లీ కొలనోస్కోపీ ఉందని గుర్తు చేశాను. "అయితే అది అయ్యాక చేయిద్దాం," అంది.